ఏ పనీ లేని ఆదివారం

విశాఖపట్నం, 19 మే 2024

ఈ రోజు మేము ఎక్కడికీ వెళ్లనక్కరలేదు, మా ఇంటికి ఎవరూ రావడం లేదు. మార్చి మొదలు ఇప్పటిదాకా ఇటువంటి ఆదివారం దొరకలేదు కనుక, కాఫీ తాగిన వెంటనే గోడనున్న వెంకట్రామా కేలెండర్ దింపి బల్ల మీద పరిచి, గడిచిన నెలల గళ్లలో నేనూ, నా భార్యా, అమ్మా రాసుకున్న ముక్కలన్నీ వరసగా చదివాను. పాలవాడి నాగాలకూ గ్యాస్ బండ వచ్చిన తేదీలకూ మధ్యన ఒక పెళ్లి, ఒక ఎన్నిక, మా అమ్మాయి ఉద్యోగ ప్రయాణం ఇరుక్కుని ఉన్నాయి. మార్చి 28 గడిలో మాత్రం ఏమీ లేదు. ఆ రోజు రాయడానికి ఈ ఇంట్లో ఎవరమూ లేము.

ఆ తెల్లవారుజామున మా పెదనాన్న, కళింగపట్నానికి దగ్గరలో వంశధార ఒడ్డునున్న మా ఊళ్లో, తన మంచం మీదనే కన్నుమూశారు. ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారుగా చేసి పదవీ విరమణ పొందిన మనిషి. ఆయనకు పిల్లలు లేరు. మా నాన్న పోయాక అక్కనూ, నన్నూ, తమ్ముడినీ చదివించి ఒక దారికి తెచ్చినది ఆయనే. మార్చి రెండో వారంలో, అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకే రోజుల్లో, ఆయనను గుడికి తీసుకువెళదామని నేను ఊరికి వెళ్లాను. అక్కడ ఏటా మార్చి 9, 10 తేదీల ప్రాంతంలోనూ, మళ్లీ అక్టోబరు మొదటి రోజుల్లోనూ ఉదయపు ఎండ గర్భగుడి దాకా వస్తుంది. ఇందులో మహిమ ఎంత ఉందో లెక్క కూడా అంతే ఉందని ఆయన మా చిన్నప్పుడే పలక మీద గీసి చూపించేవారు: డిసెంబరు 21, 22 తేదీల ప్రాంతంలో సూర్యుడు దక్షిణపు కొసకు చేరి వెనక్కు తిరుగుతాడు, ఆ మలుపుకు ఎన్ని రోజుల ముందు ఒక చోట ఉదయించాడో, దాదాపు అన్ని రోజుల తరువాత తిరిగి ఆ చోటనే ఉదయిస్తాడు, అందువల్ల ఒకే ద్వారం గుండా ఒకే తీరున వెలుగు రెండుసార్లు లోపలికి పడుతుంది. ఈసారి మాత్రం ఆయన, "జనంలో నిలబడలేనురా, అక్టోబరులో చూద్దాంలే" అన్నారు. నేనూ బలవంతపెట్టలేదు. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆయన మాట్లాడినదంతా పొలం కౌలు గురించీ, ఇంటి పెంకు గురించీ.

కొడుకులు లేని ఆయనకు కర్త నేనే అయ్యాను. వంశధార సముద్రంలో కలిసే చోట అస్థికలు కలిపాము. మా ప్రాంతంలో చాలామంది శ్రీకూర్మంలో పితృకర్మలు జరుపుకుంటారు కనుక పిండప్రదానానికి అక్కడికి వెళ్లాము. స్వామి పడమటి ముఖంగా ఉండే ఆ గుడిలో రెండు ధ్వజస్తంభాలు ఎందుకున్నాయని తమ్ముడి కొడుకు అడిగాడు కానీ, జవాబు వినేంత ఓపిక ఆరేళ్లవాడికి ఎక్కడిది. ఆవరణలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్లు కనబడేసరికి వాడు మమ్మల్నందరినీ మరిచిపోయాడు. పన్నెండో రోజు కొత్త అమావాస్య నాడు పడింది. మరునాడు ఉగాది. ఊరంతా వేపపువ్వు కోసం చెట్ల కింద తిరుగుతూ ఉండగా మేము పాత్రలు తోముకుని, షామియానా వాడికి డబ్బు చెల్లించి, పచ్చడి లేకుండానే క్రోధి నామ సంవత్సరంలోకి అడుగుపెట్టాము.

కర్త అయినవాడికి ఏడాది పాటు కొన్ని నియమాలు ఉంటాయి. పండగ చేయకూడదు, పరాన్నం తినకూడదు, శుభకార్యంలో ముందు నిలబడకూడదు, కొండ ఎక్కకూడదు. ఇందులో శాస్త్రం ఎంతో, ఇంటింటి ఆనవాయితీ ఎంతో మా పురోహితుడే గట్టిగా చెప్పలేకపోయారు. నాకు వీటి మీద పెద్ద నమ్మకం లేదు. పెద్దమ్మ ముఖం చూసి ఒప్పుకున్నాను. అయితే ఈ వసంతమంతా జరిగిన ప్రతి సంబరంలోనూ నేను ఒక అడుగు వెనక ఉండవలసి రావడం వల్ల, ఎందుకని అడిగిన ప్రతివారికీ ఆయన సంగతి చెప్పవలసి వచ్చింది. ఇన్ని పనుల హడావిడిలో ఆయన మాట మునిగిపోకుండా నిలిచినది ఈ నియమాల వల్లనే అని నాకు అనిపిస్తోంది. సంతాప సభ పెట్టి ఉంటే ఒక్క సాయంత్రంతో అయిపోయేది.

మొదటి చిక్కు పెళ్లి దగ్గరే వచ్చింది. అక్క కూతురి పెళ్లి మాఘమాసంలోనే కుదిరింది, ఏప్రిల్‌లో ముహూర్తం. ఏప్రిల్ నెలాఖరు నుంచి మూఢం వస్తున్నదనీ, ఆ లోపు కాకపోతే వేసవి అంతా ముహూర్తాలు లేవనీ ఈ ఏడు పెళ్లివారందరూ తొందరపడ్డారు. విజయనగరంలో కల్యాణ మండపం దొరకడమే గగనమయింది. అక్క వాయిదా వేద్దామని ఏడిస్తే, పెద్దమ్మే ఫోనులో, "మీది వేరే గోత్రం, మీకు పట్టింపు ఏమిటే? ఆయన పేరు చెప్పి పిల్ల పెళ్లి ఆపితే ఊరుకోను" అని కసిరింది. పెళ్లి జరిగింది. మేనమామగా పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపానికి తీసుకురావలసినవాడిని నేను. ఆ గంపను తమ్ముడూ, మా చిన్నాన్న కొడుకూ పట్టుకున్నారు. నేను చివరి వరసలో, వంటవాళ్లు బయటకు వచ్చే తలుపు పక్కన కూర్చుని చూశాను. బయటి భోజనం కూడదు కనుక నాలుగు అరటిపండ్లూ, గ్లాసుడు పాలూ పుచ్చుకున్నాను. గుత్తివంకాయ కూర, పూర్ణాలు, పనస పొట్టు కూర నా ముందు నుంచి వెళుతూ ఉంటే నియమానికీ నాకూ ఉన్న సంబంధం ఎంత పలుచనో బాగా తెలిసివచ్చింది. మగపెళ్లివారి పెద్దాయన ఒకరు నా పక్కన కూర్చుని కారణం అడిగి తెలుసుకుని, తాను కూడా ఒకప్పుడు మా పెదనాన్న దగ్గరే త్రికోణమితి చదివానని చెప్పారు. ముహూర్తం దాటేదాకా మేమిద్దరం ఆయన బెత్తం గురించే మాట్లాడుకున్నాము.

మే మొదటి వారంలో అమ్మాయి తొలి ఉద్యోగానికి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో బెంగుళూరు వెళ్లింది. దాని గది ఖాళీ అయింది అనుకునే వీలు కూడా మాకు లేకపోయింది, ఎందుకంటే నిద్రకని తీసుకువచ్చిన పెద్దమ్మ అప్పటికే అందులో ఉన్నది. ఈ మార్పు గురించే నేను ఎక్కువ రాయాలి.

అమ్మా, పెద్దమ్మా తోడికోడళ్లు. 1986లో వేరు కాపురాలు పెట్టారు. ఇల్లు ఒక్కటే, పొయ్యిలు రెండయ్యాయి, నడవ మధ్యన ఒక తడిక వచ్చింది. కారణం ఏమిటో ఇప్పటికీ ఇద్దరూ చెప్పరు; ఇత్తడి గుండిగ ఒకటి అందులో ఉన్నదని మాత్రం అక్క నమ్మకం. ఇన్నేళ్లకు ఇద్దరూ మళ్లీ ఒకే వంటింట్లో, అదీ ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడలేని అపార్టుమెంటు వంటింట్లో పడ్డారు. మొదటి వారం ఒకరినొకరు మన్నించుకోవడం చూసి నా భార్య నిజంగానే భయపడింది. రెండో వారంలో పోట్లాట మొదలయ్యేసరికి అందరికీ ఊపిరి వచ్చింది. ఈ ఏడు మా ఇంట ఆవకాయ పెట్టకూడదని అమ్మ తీర్మానించింది కనుక, అక్క తన ఇంట్లో మా వాటా కూడా పెడుతోంది. ఈ ఉదయం ఫోను స్పీకరులో పెట్టి తోడికోడళ్లిద్దరూ దానికి ఏకకాలంలో రెండు రకాల కొలతలు చెప్పారు. వెల్లుల్లి వేయాలని అమ్మ, వేస్తే తాను ముట్టనని పెద్దమ్మ. అక్క విసుగు లేకుండా విని, రెండు జాడీలు పెడతానని ఫోను పెట్టేసింది.

మే 10న అక్షయ తృతీయ. ఏడాది పొడుగునా చందనం పూతలో ఉండే సింహాచలం అప్పన్న నిజరూపం ఆ ఒక్క రోజే కనబడుతుంది. అమ్మనూ, నా భార్యనూ, తమ్ముడి కుటుంబాన్నీ తెల్లవారకముందే దింపడానికి వెళ్లి, కొండ ఎక్కకూడదు కనుక నేను కిందనే గోశాల దగ్గర ఆగిపోయాను. ఎక్కే బస్సులనూ, దిగే బస్సులనూ చూస్తూ, చెప్పుల మూట కాపలా కాస్తూ ఎండెక్కేదాకా కూర్చున్నాను. దర్శనం కన్నా ఆ కూర్చోవడమే బాగుందని ఇంటికి వచ్చి చెబితే అమ్మకు కోపం వచ్చింది.

మూడు రోజులకు పోలింగు. అమ్మకూ పెద్దమ్మకూ ఓట్లు ఊళ్లోనే ఉన్నాయి. నేను పొద్దున్నే ఇక్కడ నా ఓటు వేసి వాళ్లిద్దరినీ కారులో తీసుకువెళ్లాను. హైదరాబాదు నుంచి వచ్చిన బస్సులూ కార్లూ జాతీయ రహదారి మీద బారులు తీరి ఉన్నాయి. రాష్ట్రంలో పోలింగు 80 శాతం దాటిందంటే ఆ దారి చూసినవాళ్లెవరూ ఆశ్చర్యపోరు. బడి వరండాలో వరుస కదిలి పెద్దమ్మ వంతు రాగానే, అధికారి జాబితాలో ఆమె వరుస సంఖ్య చదివి గీత గీశాడు. ఆ పైనే పెదనాన్న పేరూ ఫొటో ఉన్నాయి. జాబితా అచ్చయిన నాటికి ఆయన ఉన్నారు. ఏజెంటు కుర్రవాడు తలెత్తకుండానే, "మాస్టారు రాలేదా?" అని అడిగి, వెంటనే గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. పెద్దమ్మ ఏమీ తొట్రుపడలేదు. "ఆయన ఈసారి వెయ్యరు నాయనా" అని చెప్పి, వేలు చాచి సిరా చుక్క పెట్టించుకుంది. బయటకు వచ్చాక, పేరు ఎప్పుడు తీసేస్తారని నన్ను అడిగింది. దరఖాస్తు పెట్టాలన్నాను. తొందరేమీ లేదని ఆమె అన్నది.

ఆ రాత్రి ఊళ్లోనే ఉండిపోయి, మరునాడు పొద్దున్న పిల్లలతో శాలిహుండం వెళ్లాము. వంశధార దక్షిణపు గట్టున కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలు ఉన్న చోటు అది. 1919లో గిడుగు రామమూర్తి గారు వెలుగులోకి తెచ్చినది. ఇది గుడి కాదు కదా, ఎక్కవచ్చునా అని నేను అడిగితే పెద్దమ్మ సందేహించింది. అమ్మ మాత్రం, "కొండంటే కొండేరా, బుద్ధుడిదైతేనేమి" అన్నది. తమ్ముడు పిల్లలను తీసుకుని పైకి వెళ్లాడు. మేము ముగ్గురమూ కింద చెట్టు నీడన తాటిముంజెలు కొనుక్కుని తిన్నాము. ముంజెలు పరాన్నం కిందకు వస్తాయా అని ఎవరూ అడగలేదు.

వచ్చే ఆదివారం వైశాఖ బహుళ తదియ, మాసికం. పురోహితుడికి చెప్పాను, ఇక్కడే ఇంట్లో చేస్తాము. అది అయిన మర్నాడే ఊరికి వెళ్లిపోతానని పెద్దమ్మ పది రోజులుగా అంటూనే ఉన్నది. ఒంటరిగా పంపడం ఎలాగని మేము మాటలు దాటవేస్తున్నాము. ఈ మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మ, తానూ వెళతానని చెప్పింది. "ఇద్దరం ఉంటాంలే, తడిక ఎలాగూ చెదలు తినేసింది" అన్నది. నేనూ నా భార్యా ముఖముఖాలు చూసుకున్నాము. వానలు మొదలయ్యే లోపున పెంకు సర్దించాలి, నడవలో వైరింగు మార్చాలి, గ్యాస్ కనెక్షను పెద్దమ్మ పేరు మీదకు మార్పించాలి. ఇవి పూర్తయ్యేదాకా ఆగమన్నాను. సరే అన్నారు కానీ, గ్యాసు పొయ్యి ఒకటి చాలునా, రెండు కావాలా అన్నది ఇంకా తేలలేదు.