ఆ తొమ్మిదోది ఎవరిది?

పదకొండున్నర అయింది, నిద్ర రావడం లేదు. పెద్ద విషయమేమీ కాదు, వైఫై.

మూడు రోజులుగా అత్తయ్యగారి ప్రవచనం మధ్యలో ఆగిపోయి గుండ్రంగా తిరుగుతోంది. ఈయన్ని అడిగితే "వానాకాలం కదా" అన్నారు. ఈయనకి అన్నిటికీ వానాకాలమే. నిన్న రాత్రి మంచినీళ్లకి లేస్తే చీకట్లో రూటర్ లైటు టకటకా కొట్టుకుంటోంది. అందరం పడుకున్నాం, మరి వాడుతున్నదెవరు? (లైటు కొట్టుకోవడం సాక్ష్యం కాదట. ఎవరూ వాడకపోయినా ఫోన్లూ టీవీ దానితో ఏదో ఒకటి గొణుగుతూనే ఉంటాయట. మా చంటి ఇవాళ చెప్పింది. నిన్నే చెప్పి ఉంటే నిద్రపోయేదాన్ని.)

పొద్దున్నే ల్యాప్‌టాప్‌లో 192.168.1.1 కొట్టి రూటర్ లోపలికి వెళ్లాను. యూజర్ నేమ్ అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మినే. బిగించినవాడు అలాగే వదిలేసి వెళ్లాడు, మేమూ నాలుగేళ్లుగా అలాగే ఉంచాం. జాబితాలో తొమ్మిదున్నాయి. వేళ్ల మీద లెక్కపెట్టాను. మా ఇద్దరి ఫోన్లు, అత్తయ్యగారి ట్యాబ్, టీవీ, ల్యాప్‌టాప్, నా పాత ఫోను. ఆరే!

మనసు తిన్నగా పై వాటా కుర్రాడి మీదికి పోయింది. గ్రూప్స్‌కి చదువుతున్నాడు, ఎప్పుడు చూసినా చెవుల్లో వైర్లు. మా రూటరేమో మెట్ల గోడ పక్కనే. పొద్దున మెట్ల మీద "ఆంటీ, మోటార్ వేయమంటారా" అంటే విననట్టు లోపలికొచ్చేశాను. ఈయన పేపర్లోంచి తలెత్తకుండా "వాడితే వాడుకోనీ, అన్‌లిమిటెడే కదా" అన్నారు. ఇదే నాకు ఒళ్లు మండేది. డబ్బు సంగతి కాదు. రేపు ఎవడో మన వైఫై మీంచి ఎవరినో బెదిరిస్తూ మెసేజీ పెడితే, పోలీసులు ముందు వెతుక్కుంటూ వచ్చేది కనెక్షన్ ఎవరి పేరున ఉంటే వాళ్ల ఇంటికే. అది ఈయన పేరునే ఉంది. అదే చెబితే "నేను రిటైరైపోయాను కదే" అన్నారు. దానికీ దీనికీ సంబంధమేమిటో ఇప్పటికీ అర్థం కాలేదు.

జాబితాలో ఒక్కోదాని పక్కన మ్యాక్ అడ్రస్ అని దాని గుర్తింపు నంబరు ఉంటుంది, మొదటి ఆరు అక్షరాలని బట్టి ఏ కంపెనీదో తెలుస్తుంది. వెతికితే టీవీ దొరికింది, ల్యాప్‌టాప్ దొరికింది, పాత ఫోను దొరికింది. మిగతావేవీ ఏ కంపెనీవీ కావంటుంది. గుండె ఝల్లుమంది. చంటికి ఫోన్ చేస్తే ఒకటే నవ్వు. ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు అసలు అడ్రస్ బయటపెట్టవట, ఒక్కో వైఫైకి ఒక్కో దొంగ అడ్రస్ అల్లుకుని చెబుతాయట. మన రూటర్‌కి రెండు పేర్లున్నాయి, మామూలుదొకటి, చివర 5జీ అని ఉన్నదొకటి. మా ఇద్దరి ఫోన్లూ రెండిటికీ తగులుకున్నాయి, ఒక్కోచోట ఒక్కో అడ్రస్ చెప్పాయి. వెళ్లిపోయినవాటి పేర్లు కూడా జాబితాలో కొంతసేపు ఉండిపోతాయట. అంటే ముగ్గురు దొంగల్లో ఇద్దరం మేమే.

మిగిలింది తొమ్మిదోది. సాయంత్రం నాలుగింటికి మళ్లీ కనపడింది. వరండాలోకి వెళ్లి చూస్తే మెట్ల మీద మా పనావిడ కూతురు, చేతిలో ఫోను. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కి వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటోంది. పాస్‌వర్డ్ ఇచ్చింది అత్తయ్యగారు! నేను మధ్యాహ్నం కునుకు తీసే వేళలో రోజూ వచ్చి కూర్చుంటోందట.

"నాతో ఒక్క మాట అనచ్చు కదా అత్తయ్యా" అంటే, ఆవిడ చిక్కుళ్ల ఈనెలు తీస్తూ "నిన్నడిగితే ఇవ్వనంటావని" అన్నారు.

ఆ మాటే సాయంత్రం నుంచీ గుచ్చుకుంటోంది. నేనెందుకు ఇవ్వనంటాను?

గుంటూరు బ్రాడీపేటలో ఉన్నప్పుడు మాకు ఫోన్ లేదు. కింద వాటాలో వకీలు మామయ్యగారికి ఉండేది. నాన్న బంధువులందరికీ ఆ నంబరే ఇచ్చి పక్కన పీపీ అని రాసేవారు, అంటే ఫోను వేరేవాళ్లది, మమ్మల్ని పిలిపించాలని. ఫోనొస్తే కింద నుంచి కేక, అమ్మ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ పరుగు. మామయ్యగారు ఏనాడూ కాదనలేదు. పిన్నిగారు మాత్రం అమ్మ మాట్లాడుతున్నంతసేపూ గోడ గడియారం వంకే చూసేవారు. మేం ఫోన్ చేయాలంటే అడగాలి, డయలుకి చిన్న తాళం ఉండేది. అడగడం నాకు చచ్చేంత చిన్నతనం. వాళ్ల బుజ్జిగాడు కిటుకు కనిపెట్టాడు. రిసీవర్ పెట్టే మీట ఉంటుందే, దాన్ని టకటకా నొక్కాలి. మూడుకి మూడు నొక్కులు, సున్నాకి పది. మా క్లాసు పిల్ల నంబర్లో రెండు సున్నాలు. తప్పితే మళ్లీ మొదటి నుంచి. అంత కష్టపడి, అవతల "హలో" అనగానే నవ్వి పెట్టేసేవాళ్లం. ఆ నెల మామయ్యగారు బిల్లు తప్పు వేశారని ఎండలో ఆఫీసుకెళ్లి పోట్లాడి వచ్చారు. "పాపం" అంది అమ్మ. నేను పులిహోర తింటూ కూర్చున్నాను.

నిజంగా ఆ పిల్ల వచ్చి అడిగి ఉంటే? "మా ఆయన్ని కనుక్కుని చెబుతానమ్మా" అనేదాన్ని. అంటే ఇవ్వననే. అత్తయ్యగారికి నేను తెలుసు. తెలిస్తే మాత్రం, మొహం మీద అనాలా?

పైగా పొద్దున కోపంలో పాస్‌వర్డ్ మార్చి పారేశాను. ఆ పిల్ల ఫోను ఆ కొత్తది ఎలా అందుకుందనుకున్నారు? మధ్యాహ్నం అత్తయ్యగారు ట్యాబ్ పట్టుకుని వచ్చి, క్యాలెండర్ వెనక పెద్ద అక్షరాలతో రాసి పెట్టమన్నారు. రాశాను. కళ్లజోడు పైకి తోసుకుని, ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదువుకుని, "ఇది సున్నానా, ఓనా?" అన్నారు. అప్పుడే అనుమానం రావాల్సింది నాకు.