ల్యాప్‌టాప్ కంటే ముందు అక్షరాలు మార్చాను

కడపలో ఇంటి దగ్గరే డీటీపీ పని, అంటే అచ్చుకు పేజీలు కంప్యూటర్‌లో సిద్ధం చేసే పని, చేస్తుంటాను. యోగి వేమన విశ్వవిద్యాలయం పరిశోధక విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలు, మా జిల్లా కవుల సంపుటాలు, ముహూర్తాల రోజుల్లో పెళ్లిపత్రికలు. ఇన్నాళ్లూ ఈ బరువంతా మోసిన ల్యాప్‌టాప్ చివరికి మూత దగ్గర విరిగింది. బ్యాటరీ పూర్తిగా పోయింది. అయినా కరెంటు ఉన్నంతసేపు నడుస్తోంది కదా అని లాక్కొస్తున్నాను. ఇంతలో 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మద్దతు ముగిసింది. నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా సవరణలు వస్తాయి, అంతే. విండోస్ 11కు మారదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరానిదో ఆ తర్వాతిదో కావాలి. నాది ఏడో తరం. మెమరీ పెంచినా, డిస్కు మార్చినా ఆ గడప దాటే దారి లేదు.

కొత్తది కొనక తప్పదని తేలగానే సలహాలు మొదలయ్యాయి. బెంగళూరులో ఉద్యోగం చేసే మా తమ్ముడు "అక్కా, ఈసారి మ్యాక్ తీసుకో. ఏళ్ల తరబడి దాని జోలికి పోనక్కర్లేదు" అన్నాడు. ఏడు రోడ్ల దగ్గర దుకాణంలో అబ్బాయి విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్ చూపించి "మీ పాత సాఫ్ట్‌వేర్లన్నీ ఇందులో వేసిస్తాం మేడమ్" అన్నాడు. సిద్ధాంత గ్రంథం పని మీద వచ్చిన ఒక పరిశోధక విద్యార్థి, విండోస్ బదులు ఉచితంగా వేసుకునే లినక్స్ పేరెత్తాడు. ముగ్గురూ చెప్పింది యంత్రం గురించే. నన్ను పట్టి ఆపింది యంత్రం కాదు, నా ఫైళ్లలో ఉన్న తెలుగు.

డీటీపీ తెలిసినవారికి ఇది చెప్పనక్కర్లేదు, తెలియనివారి కోసం చెబుతాను. నేను పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లతో పని నేర్చుకున్నాను. ఆ ఫాంట్లు అందమైనవి. మా తరం తెలుగు అచ్చు పనికి అవి చేసిన మేలు చిన్నది కాదు. అయితే ఆ ఫైలు లోపల నిజానికి తెలుగు అక్షరం ఉండదు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో తలకట్లు, కొమ్ములు, ఒత్తులు ముక్కలు ముక్కలుగా కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో అది వేమన పద్యం, లేని కంప్యూటర్‌లో అర్థం లేని గుర్తుల వరుస. ఫోనులో వెతికితే దొరకదు, వెబ్‌సైటులో పెడితే చదవబడదు. అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ కోసం చేసినది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత కొత్త వెర్షన్ రాలేదు. అంటే నా జీవనాధారం మొత్తం ఆగిపోయిన ఒక సాఫ్ట్‌వేర్ మీద నిలబడి ఉంది.

మ్యాక్ విషయం తీరిగ్గానే ఆలోచించాను. అందులో తెలుగు కీబోర్డులు ముందే ఉంటాయి, కోహినూర్ తెలుగు ఫాంటు కంటికి హాయిగా ఉంటుంది, పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ నడుస్తుంది. కానీ 2020 నుంచి వస్తున్న ఆపిల్ సొంత చిప్‌ల మ్యాక్‌లలో, పాత ఇంటెల్ మ్యాక్‌లలో లాగా బూట్ క్యాంప్‌తో విండోస్ వేసుకునే వీలు లేదు. పాత ఫైళ్లు తెరవాలంటే వేరే ఏర్పాట్లు చూసుకోవాలి. మెమరీ చిప్‌తో పాటే వస్తుంది కాబట్టి తర్వాత పెంచుకోలేము. దాదాపు లక్ష రూపాయలు పెట్టి, ఆ పైన ఇన్‌డిజైన్‌కు చందా కడుతూ, పేజీకింత అని లెక్కగట్టే పని చేయడం నాకు కుదిరేది కాదు. తమ్ముడి మాట కొట్టిపారేయలేదు. వాడి పనికి అది సరైనదే.

విండోస్ 11 అయితే ఏ ఇబ్బందీ లేదు, మర్నాడే పనిలో కూర్చోవచ్చు. నాకు తెలిసిన డీటీపీ సెంటర్‌లో అందులోనే పేజ్‌మేకర్ నడుపుకుంటున్నారు. చాలామందికి నేనూ అదే చెబుతాను. కానీ నాకు మాత్రం అది ఇదే ప్రశ్నను తరువాతి ల్యాప్‌టాప్ దాకా వాయిదా వేయడంగా అనిపించింది. ఈలోగా గుర్తుల వరుసల్లో చిక్కుకున్న పుస్తకాలు ఇంకా పెరుగుతాయి.

అందుకని కొనడం ఆపి, లినక్స్‌తో ముందు పరీక్ష పెట్టుకున్నాను. ఫైళ్లన్నీ బయటి హార్డ్ డిస్కులోకి ఎక్కించాక, ఉబుంటు 24.04 అనే లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి పాత ల్యాప్‌టాప్‌లోనే నడిపాను. డిస్కులో ఏదీ చెరపకుండా పెన్‌డ్రైవ్ మీదే మొత్తం నడుస్తుంది. నచ్చకపోతే తీసేసి మళ్లీ విండోస్‌లోకి వెళ్లిపోవచ్చు. నా భయమంతా కీబోర్డు గురించి. నా వేళ్లకు వచ్చింది అనులోని ఆపిల్ లేఅవుట్, అంటే ఆ పేరున్న మీటల అమరిక. ఇన్‌స్క్రిప్ట్ అనే వేరే అమరిక నేర్చుకోవాలంటే నెలల తరబడి నా వేగం సగానికి పడిపోతుంది. ఐబస్ ఎం17ఎన్ అనే టైపింగ్ ప్యాకేజీ వేసి, తెలుగు కింద వచ్చిన లేఅవుట్ల పట్టిక చూస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతనలతో పాటు ఆపిల్ కూడా ఉంది! యూనికోడ్ అక్షరాలు, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే ఉండేవి, నా వేళ్లకు తెలిసిన మీటలు. అప్పటికి పొద్దుపోయింది, అయినా లేవలేదు. ఒక పేజీ మొత్తం కొట్టి చూశాను. హల్లుల చోట్లు చాలావరకు అవే. క్రావడి దగ్గర మాత్రం చెయ్యి తడబడింది. అనులో "ప్ర" కొట్టాలంటే ముందు క్రావడి, తర్వాత పకారం. యూనికోడ్‌లో పలికే వరుసే వరుస, పకారం ముందు, రకారం వెనుక. కొన్నాళ్లకు అదే అలవాటైంది.

ఈ క్రావడే పాత ఫైళ్లను మార్చేటప్పుడూ నన్ను సతాయించింది. అను అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చడానికి నేను మొదట వాడిన కన్వర్టర్, పాత ఫైలులో క్రావడి ముందు ఉంది కాబట్టి దాన్ని తీసుకుపోయి వెనకటి అక్షరానికి తగిలించేది. "మా ప్రొద్దుటూరు" అన్నచోట రకారం వచ్చి "మా" కింద చేరి "మ్రా పొద్దుటూరు" అయ్యేది. "స్త్రీ", "స్వాతంత్ర్యం" లాంటి జంట ఒత్తుల మాటలు ఇంకా అన్యాయం. మరో కన్వర్టర్‌తో ఇది చాలావరకు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నాను. మార్చిన పాఠాన్ని పాత ప్రింటు పక్కన పెట్టుకుని ప్రూఫు చదివినట్టే అక్షరం అక్షరం చదవడం. తప్పు ఒకే తీరుగా కనబడితే మొత్తం ఫైలులో ఒకేసారి వెతికి మార్చడం. ఇంకొకటి, "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో టకారం పొల్లుగా విడిగా నిలబడాలంటే మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు పెట్టాలి. లేకపోతే వకారం ఒత్తై కిందికి దిగి "సాఫ్ట్వేర్" అవుతుంది. దానికి మీట ఎక్కడుందో మొదటి రోజే తెలుసుకోవాలి.

మా ఊళ్లో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. బ్రౌన్ తన బంగళాలో పండితులను కూర్చోబెట్టి, తాళపత్రాల్లోని కావ్యాలను కాగితం మీదికి ఎత్తి రాయించి, పాఠాలు సరిచూపించారు. ప్రూఫులు దిద్దుతూ కూర్చున్న రాత్రుల్లో ఆ పండితులు చాలాసార్లు గుర్తుకొచ్చారు. తాటాకు నుంచి కాగితానికి దిగని కావ్యాలు ఎన్ని పోయి ఉంటాయో కదా అనిపించేది.

పేజీలు పెట్టడానికి స్క్రైబస్ తీసుకున్నాను. పాత 1.4లో తెలుగు ఒత్తులు విడిపోయేవి. 2024లో వచ్చిన 1.6లో సరిగ్గా కూర్చుంటున్నాయి. నాలుగు రంగుల పీడీఎఫ్ కూడా ఇస్తుంది. మేము పని ఇచ్చే ప్రెస్సుకు ఒక ఫారం (ఒకేసారి అచ్చయ్యే పేజీల సముదాయం) పంపి ప్లేటు దాకా చూసుకున్నాకే నమ్మాను. సిద్ధాంత గ్రంథాలకు లిబ్రేఆఫీసు చాలు. పాఠానికి మండలి, శీర్షికలకు రామభద్ర ఫాంట్లు వాడుతున్నాను. ఫాంటు మారితే పేజీల సంఖ్య మారుతుంది, దానితో ఫారాల లెక్కా, కాగితం ఖర్చూ మారతాయి. పునర్ముద్రణకు వచ్చే రచయితలకు ఈ సంగతి ముందే చెప్పాలి.

చివరికి విండోస్ లేని మామూలు ల్యాప్‌టాప్, పదహారు జీబీ మెమరీతో, కొని ఉబుంటు వేసుకున్నాను. నా పాత లేజర్ ప్రింటర్ దానితో కలవలేదు. పాత ల్యాప్‌టాప్‌ను అమ్మకుండా, ఇంటర్నెట్ పూర్తిగా తీసేసి, ప్రింటర్ పక్కనే పెట్టాను. పీడీఎఫ్ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి అక్కడ ప్రూఫు తీస్తున్నాను. పేజ్‌మేకర్ ఫైళ్లు తెరవడానికీ అదే. ఆ పెన్‌డ్రైవ్‌ను మరెక్కడా పెట్టను.

మార్చాల్సిన ఫైళ్లలో ముందుగా, రచయిత కాలం చేసి, ఇంట్లో వాళ్ల దగ్గర కూడా చేతిరాత లేని పుస్తకాలను తీసుకున్నాను. పెళ్లిపత్రికలు మాత్రం ఇంకా పాతదానిలోనే. అవన్నీ కోరల్‌డ్రాలో చేసినవి, దానికి ఇప్పుడు లినక్స్ వెర్షన్ లేదు. ఇంక్‌స్కేప్ ఆ ఫైళ్లను తెరుస్తుంది కానీ అనులో ఉన్న పేర్లన్నీ మళ్లీ కొట్టాల్సిందే. ఈ ముహూర్తాలు గడిచాక నాలుగైదు నమూనాలను అందులో కొత్తగా గీసుకోవాలి.