స్టాంపింగ్ గడువు తీరినవారికి కరేబియన్ ప్రయాణం: నా అనుభవం

మేము సెయింట్ జాన్ దీవి నుండి డాలస్‌కు మొన్ననే తిరిగి వచ్చాము. ఏర్పాట్లలో పడిన అవమానం ఇంకా మనసులో ఉండగానే దీనిని రాస్తున్నాను. ఎందుకంటే హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద అమెరికాలో పనిచేస్తూ, పాస్‌పోర్టులోని స్టాంపింగ్ (అమెరికాలోకి రావడానికి వేసే వీసా ముద్ర) గడువు తీరిపోయిన తెలుగువారు మనలో చాలామంది ఉన్నారు.

మేము ముందుగా అనుకున్నది బార్బడోస్. భారతీయ పాస్‌పోర్టు ఉన్న పర్యాటకులకు అక్కడ వీసా అవసరం లేదు కనుక వెళ్ళడం సులువే. తిరిగి అమెరికాలోకి ఎలా రావాలన్నదే చిక్కు.

మనవాడే కదా అన్న నమ్మకంతో ఒక ట్రావెల్ ఏజెంటును అడిగాను. "ముప్ఫై రోజుల లోపు వస్తే పాత స్టాంపుతోనే రానిస్తారండీ, మా కస్టమర్లు ఎంతోమంది వెళ్ళివచ్చారు" అని చెప్పి అడ్వాన్సు తీసుకున్నాడు. ఎఫ్‌-1 విద్యార్థి అయిన మా పిన్ని కొడుకు కూడా గడువు తీరిన వీసాతో అదే బార్బడోస్‌కు వెళ్ళి నిక్షేపంగా తిరిగి వచ్చి ఉండడంతో, ఇంట్లో అందరికీ ఆ మాట మీద నమ్మకం కుదిరింది. నాకు మాత్రం కుదరలేదు. కంపెనీ తరఫు లాయరుకు రాస్తే, ప్రయాణ నిర్ణయం ఉద్యోగిదేనంటూ ఒక్క వాక్యం జవాబుగా వచ్చింది. ఇక లాభం లేదని నియమాన్ని నేనే తెరిచి, ఒక్కొక్క మాటా చదివాను.

దానిని ఆటోమేటిక్ రీవాలిడేషన్ అంటారు. ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో తెలిపే పత్రం) గడువు మిగిలి ఉండి, బయట ఉన్నప్పుడు కొత్త వీసాకు దరఖాస్తు చేయకుండా, ముప్ఫై రోజుల లోపు కెనడా నుండి గాని మెక్సికో నుండి గాని తిరిగి వచ్చే హెచ్‌-1బీ వారికి అది వర్తిస్తుంది. కరేబియన్ దీవులకు ఆ వెసులుబాటు ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్ఛేంజ్) వీసాలవారికి మాత్రమే ఉంది, అదీ క్యూబాను మినహాయించి. మా తమ్ముడు తిరిగి రాగలగడమూ నిజమే, నేను వెళితే రాలేననడమూ నిజమే.

ఈ సంగతి ఏజెంటుకు ఫోనులో వివరిస్తే, నా భార్య వింటూ ఉండగానే "మీరేమైనా లాయరా? ఇంత భయముంటే ఇంట్లో కూర్చోండి" అన్నాడు. అడ్వాన్సు తిరిగి ఇవ్వలేదు. డబ్బు పోయినందుకు కన్నా, సరైన మాట చెప్పినందుకు పిరికివాడినని అనిపించుకోవడం నన్ను ఎక్కువ బాధించింది. అతని మాట విని ఉంటే బార్బడోస్ విమానాశ్రయంలోనే మమ్మల్ని ఆపేసేవారు. అక్కడి నుండి ఏదో ఒక కాన్సులేటులో అపాయింట్‌మెంటు దొరికేదాకా నా ఉద్యోగం, మా అమ్మాయి బడి గాలిలో ఉండేవి. ఇంకొకరి బతుకుతెరువును పణంగా పెట్టి ధీమాగా సలహా చెప్పే హక్కు ఎవరికీ లేదు. మన భాష మాట్లాడినంత మాత్రాన ఎవరినీ నమ్మకండి, నియమం చూపించమని అడగండి.

అప్పుడు సెయింట్ జాన్‌ను ఎంచుకున్నాము. అది 1917లో డెన్మార్కు నుండి అమెరికా కొనుక్కున్న వర్జిన్ దీవులలో ఒకటి కనుక, అక్కడికి నేరుగా వెళ్ళివస్తే దేశం దాటినట్లు కాదు. సెయింట్ థామస్‌కు విమానంలో వెళ్ళి, రెడ్ హుక్ రేవు నుండి పడవ ఎక్కాలి. తిరుగు ప్రయాణంలో విమానం ఎక్కే ముందు పత్రాలు తనిఖీ చేస్తారు కాబట్టి పాస్‌పోర్టు, ఐ-797 (వీసా ఆమోద పత్రం), ఐ-94 కాగితాలు చేతిలోనే ఉంచుకోండి. మా తనిఖీ ప్రశాంతంగా ముగిసింది.

దీవిలో సగానికి పైగా నేషనల్ పార్కే. లారెన్స్ రాక్‌ఫెల్లర్ ఇచ్చిన భూమితో 1956లో అది ఏర్పడింది. మాహో బేలో సముద్రపు గడ్డి మేసే పచ్చ తాబేళ్ళను మా అమ్మాయి ఒడ్డుకు దగ్గరలోనే చూసింది. వాటిని తాకడం, తరమడం చట్టరీత్యా నేరం. దారుల పక్కన ముంగిసలు కనబడితే ఆశ్చర్యపడకండి: చెరకు తోటల్లో ఎలుకలను చంపడానికి భారతదేశం నుండి కరేబియన్‌కు తెచ్చిన జాతి అది, ఇప్పుడు తాబేళ్ళ గుడ్లను తింటోంది. పగడాలకు హాని చేసే ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్ ఉన్న సన్‌స్క్రీన్‌లను అక్కడ 2020 నుండి నిషేధించారు; బయలుదేరే ముందే మీ డబ్బా మీది పేర్లు చదివి, జింక్ ఆక్సైడుతో చేసినదాన్ని కొని పెట్టుకోండి.