రెగో రెయ్‌తెమ్: విషెగ్రాద్‌లో ఒక రాత్రి

ది మూన్ అండ్ ది నైట్‌స్పిరిట్ అనే హంగేరియన్ జంట 2007లో తెచ్చిన 'రెగో రెయ్‌తెమ్' ఆల్బమ్ రెండేళ్ళుగా నా ఫోన్‌లో ఉంది. మధ్యయుగం నాటి పోకడలో జానపదం, వయొలిన్, గిటార్, వెనక దరువు. స్నేహితుడు పంపాడని పెట్టుకున్నానే గానీ ఎప్పుడూ రెండో పాట దాటలేదు. ప్రతి వరుసా పైన ఎత్తుకుని కిందికి దిగిపోతుంది, అన్నీ ఒకేలా ఉన్నాయనిపించేది.

మొన్న డిసెంబరులో బుడాపెస్ట్ వెళ్ళినప్పుడు, క్రిస్మస్ మర్నాడు రైల్లో నాద్యమరోష్ దాకా వెళ్ళి, అక్కడ పడవెక్కి డాన్యూబ్ దాటి విషెగ్రాద్ చేరాను. తూర్పుగా వచ్చిన నది దక్షిణానికి మళ్ళే మలుపు అది. 1335లో హంగరీ, పోలండ్, బొహీమియా రాజులు ముగ్గురూ కూడిన ఊరు. పొగమంచులో కొండమీది కోట సగమే కనిపించింది. చలి మాత్రం ఎముకల్లోకి దిగింది.

ఆ రాత్రి బస చేసిన ఇంటావిడ, అరవై దాటి ఉంటాయి, నా ఫోన్‌లో ఆల్బమ్ పేరు చూసి ఒక్కసారిగా నవ్వేసింది. అది రెగోలేష్ పాటల్లోని పల్లవి మాటట. సరిగ్గా ఈ రోజుల్లోనే, డిసెంబరు 26 నుంచి కొత్త సంవత్సరం దాకా, కుర్రాళ్ళు ఇంటింటికీ తిరిగి పంట పండాలి, పశువులు వృద్ధి కావాలి అని పాడేవారట. ఆవిడ పుట్టింది పశ్చిమ హంగరీలోని జాలా వైపు పల్లెలో, చిన్నప్పుడు విన్నదట. రెగో రెయ్‌తెమ్ అంటే ఏంటని అడిగితే వాళ్ళమ్మమ్మ కూడా చెప్పలేకపోయిందట. నాకు ధనుర్మాసంలో మా వీధిలోకొచ్చే హరిదాసు గుర్తొచ్చాడు. తెల్లవారుజామున దుప్పట్లోంచి వినే ఆ పాటలో నాకు మాత్రం ఎన్ని మాటలు అర్థమయ్యాయి!

ఆవిడ అలమారలోంచి ఒక మట్టికూజా తీసింది. మూతికి పంది మూత్రాశయపు తోలు బిగించి, మధ్యలో సన్నటి రెల్లుపుల్ల కట్టి ఉంది. దాన్ని కొచొగ్‌దుదా అంటారట. వేళ్ళు తడిపి పుల్లని పైనుంచి కిందికి రుద్దితే కూజా లోపల్నుంచి ఎద్దు రంకెలాంటి మూలుగు. నేనూ రుద్దాను, మూడుసార్లు జారిపోయి నాలుగోసారి పలికింది.

ఆ మూలుగు మీద ఆవిడ రెండు చరణాలు పాడుతూ ప్రతి మాట మొదటి అక్షరానికీ బల్ల మీద అరచేత్తో కొట్టింది. హంగేరియన్‌లో ఊనిక ఎప్పుడూ మొదటి అక్షరం మీదే. తర్వాత వాళ్ళ పాత పాట ఒకటి ఎత్తుకుంది: ముందు పై స్థాయిలో ఒక వరుస, మళ్ళీ అదే వరుస పా నుంచి సా దాకా ఉన్నంత దూరం కిందికి దించి. పైగా ఆ స్వరాలు సా గా మా పా నీ, గమకాలు లేని మన శుద్ధ ధన్యాసి! 1907లో హంగేరియన్ స్వరకర్త బార్తోక్ ట్రాన్సిల్వేనియా పల్లెల్లో తిరుగుతూ పాటలు సేకరించినప్పుడు ఆశ్చర్యపోయింది ఈ అయిదు స్వరాలకే. నేను విసుక్కున్న ఆ దిగడమే వాళ్ళ పాత పాట నడక.

మర్నాడు తిరుగు రైల్లో ఆల్బమ్ మొదట్నుంచీ పెట్టాను. రెండో పాట దాటింది. ప్రతి మాట మొదట్లో ఆవిడ అరచేతి చప్పుడు వినిపిస్తూనే ఉంది. బుడాపెస్ట్ వచ్చేసరికి ఇంకా పాటలు మిగిలున్నాయి, ప్లాట్‌ఫామ్ మీద బెంచీ చూసుకుని కూర్చున్నాను.