ఏటిగట్ల మీద మౌంటెన్ బైకు: ఏం మార్చాను, ఏ వరసలో మార్చాల్సింది

గోదావరి డెల్టాలో మాకు ఎత్తు అంటే ఏటిగట్టు ఎక్కడమే. మారేడుమిల్లి ఘాటీకి నెలకోసారి వెళ్తే గొప్ప. మిగతా రోజులన్నీ సైకిలు తిరిగేది కాలువగట్లు, చేపలచెరువుల గట్లు, కొబ్బరితోటల్లో మట్టిదారులు. సముద్రం ఒడ్డున అంతర్వేది, ఓడలరేవు వైపు పోతే ఇసక. మొదట ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళు), తరవాత చక్రాలు, ఆ తరవాతే మిగతావి అని అందరూ చెప్పే వరస కొండలు దిగేవాళ్ళకి సరిపోతుంది. ఇక్కడ సైకిల్ని తినేసేవి రేగడి బురద, ఉప్పుగాలి, ముళ్ళు. డబ్బు ముందు వాటి మీద పెట్టాలని రెండు విడతలు తప్పుగా కొన్నాక గానీ నాకు తెలీలేదు.

నేను సెకండ్‌హ్యాండులో తీసుకున్నాను. అల్యూమినియం ఫ్రేము, 27.5 అంగుళాల చక్రాలు, స్ప్రింగు ఫోర్కు, వైరుతో లాగే డిస్క్ బ్రేకులు, ముందు మూడు చైన్‌రింగులు (పెడళ్ళ దగ్గరి పళ్ళచక్రాలు), వెనక ఏడు పళ్ళచక్రాల ఫ్రీవీలు. కొనే ముందు చూడాల్సినవి రంగూ స్టిక్కర్లూ కావు. సీటుపోస్టు బోల్టు వదులు చేసి పైకి లాగి చూడాలి. సముద్రానికి దగ్గర తిరిగిన సైకిలైతే పోస్టు ఫ్రేములోనే పట్టేసి ఉంటుంది, అలాంటిది సగం ధరకిచ్చినా వద్దు. ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్ ముందుకీ వెనక్కీ ఊపితే టక్ టక్ అంటే హెడ్‌సెట్టు (హ్యాండిల్ తిరిగే బేరింగులు) వదులు. క్రాంకుని పక్కలకి కదిపితే ఆడుతోందంటే బాటమ్ బ్రాకెట్ (క్రాంకు తిరిగే బేరింగు), పొట్టిగా బీబీ, పోయింది. ఈ రెండూ బాగుచేసుకోవచ్చు, ధరలో తగ్గించుకుంటే చాలు. హ్యాండిల్ కింది హెడ్‌ట్యూబుకి, అక్కణ్ణుంచి బీబీకి దిగే డౌన్‌ట్యూబు అతికిన చోట వెంట్రుకంత గీత కనిపించినా మాత్రం ఇంటికి తేవద్దు. బీబీ కింద కొట్టి ఉండే ఫ్రేము నంబరు బిల్లుతో సరిపోవాలి.

కొన్న రోజే వెర్నియర్ పెట్టి కొలతలన్నీ తీసి ఒక కాగితం మీద రాసుకోండి. వెనక చక్రం యాక్సిల్ కూర్చునే ఫ్రేము చీలికల మధ్య దూరం (నాది 135 మి.మీ.), ముందు ఫోర్కుది 100, బీబీ గొట్టం వెడల్పు 73, సీటుపోస్టు మందం 31.6, బ్రేకు బిగించే రంధ్రాల మధ్య దూరం. బ్రేకు బిగింపులు రెండు రకాలు: ఈ చివరిది 74 మి.మీ. ఉంటే పోస్ట్ మౌంట్, 51 ఉంటే ఐఎస్ మౌంట్. నా ఫోర్కుకి పోస్ట్ మౌంటూ, ఫ్రేముకి ఐఎస్ మౌంటూ ఉన్నాయి. అందుకని వెనక బ్రేకుకి ఒక అడాప్టర్ విడిగా కొనాల్సొచ్చింది. ఈ కాగితం లేకుండా ఆన్‌లైన్లో ఒక్క వస్తువు కూడా ఆర్డరు పెట్టవద్దు.

నేను పెట్టాను. వెనక 11-42 పళ్ళ తొమ్మిది స్పీడు కేసెట్ ముందు తెప్పించి, చక్రం విప్పితే తెలిసింది అది ఎక్కదని. పాతది ఫ్రీవీలు. దాంట్లో గేరుచక్రాలూ టకటకమనే రాట్చెట్టూ కలిసి ఒకే ముద్దగా హబ్బు మీద మరతో బిగుస్తాయి. కేసెట్‌కి రాట్చెట్ హబ్బులోనే ఉండాలి, పళ్ళచక్రాలు దాని గాడుల్లోకి జారాలి. బయట నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి, అక్కడే మోసపోతాం. గుర్తుపట్టే తీరు: పెడల్ని వెనక్కి తిప్పుతూ అన్నిటికన్నా చిన్న పళ్ళచక్రం బయటి వైపు చూడాలి. సన్నగా పళ్ళున్న లాక్‌రింగు కూడా పళ్ళచక్రంతో పాటు తిరిగితే కేసెట్. మధ్యలో గాడులున్న భాగం కదలకుండా నిలబడి ఉంటే ఫ్రీవీలు. ఏడు స్పీడు ఫ్రీవీలుకి ఇంకో రోగం ఉంది. కుడివైపు బేరింగు లోపలెక్కడో ఉండటంతో యాక్సిల్ చివర ఆధారం లేకుండా వేలాడుతుంది. గట్టు మీంచి దూకితే వంగుతుంది. నాదీ వంగే ఉంది. చక్రం విప్పి యాక్సిల్ని వేళ్ళతో తిప్పితే ఒకచోట బిగుసుకుని ఒకచోట వదులవుతోంది.

కాబట్టి హబ్బు మార్చాను. 32 రంధ్రాలు, సీల్డ్ బేరింగులు, 135 మి.మీ., ఆరు బోల్టుల డిస్క్. రిమ్ము పాతదే. స్పోకులు మాత్రం పాతవి పనికిరావు, హబ్బు అంచు కొలత మారితే పొడవు మారిపోతుంది. స్పోకు కొసలు ఆగే చోట రిమ్ము వ్యాసం, హబ్బు అంచుల వ్యాసం, మధ్య నుంచి అంచులకి దూరం లాంటి కొలతలు ఇస్తే లెక్క కట్టే సైట్లున్నాయి. కుడివైపువి ఎడమ వాటికన్నా ఒకటి రెండు మి.మీ. పొట్టిగా వస్తాయి, రెండు కట్టలూ కలిపేయకండి. నిపిల్స్ (స్పోకుని రిమ్ముకి బిగించే చిన్న నట్లు) ఇత్తడివే అడగండి. రంగురంగుల అల్యూమినియం నిపిల్స్ ఉప్పుగాలికి స్పోకుతో కలిసి పట్టేస్తాయి. బెండు తీయాల్సినప్పుడు గుండ్రంగా అరిగిపోయి పానాకి దొరకవు. చక్రం అల్లి బెండు తీసే పని ఊళ్ళో పాత సైకిల్ షాపు ఆయనకే ఇచ్చాను. డీరెయిలర్ (చైన్ని ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదకి తోసేది) గురించి ఆయనకి పెద్దగా పట్టదు గానీ, చక్రం బెండు తీయడంలో షోరూముల్లో ఎవరూ ఆయనకి సాటి రారు.

గేర్లకి మైక్రోషిఫ్ట్ కంపెనీ అడ్వెంట్ తొమ్మిది స్పీడు సెట్టు ఎంచుకున్నాను. మొదటి కారణం, మామూలు తొమ్మిది స్పీడు చైను చాలు, అది ఎక్కడైనా దొరుకుతుంది. రెండోది, డీరెయిలర్లో క్లచ్ ఉంది, గతుకుల్లో చైను ఎగరదు. షిఫ్టర్ (హ్యాండిల్ మీది గేరు మీట), డీరెయిలర్ రెండూ ఆ సెట్టువే కొనాలి. షిమానో షిఫ్టర్ దానికి కలవదు, ఒక్కో క్లిక్కుకి వైరు లాగే కొలత వేరు.

ముందు మూడు రింగులు తీసేస్తే గేర్లు తగ్గిపోతాయని చాలామంది భయం. లెక్క చూడండి. పాత సెట్టులో బరువైన గేరు 42కి 14, అంటే 3.0. తేలికైనది 24కి 34, అంటే 0.71. కొత్తదాంట్లో ముందు 32 ఒక్కటే పెడితే 32కి 11 అంటే 2.91, 32కి 42 అంటే 0.76. పోయింది దాదాపు ఏమీ లేదు. ఘాటీకి తరచూ వెళ్ళేవాళ్ళు 30 పళ్ళది వేసుకుంటే పాత 0.71 అలాగే వస్తుంది. డెల్టాలో ముందు డీరెయిలర్ తీసేయడానికి అసలు కారణం వేరే. కొబ్బరిపీచు, రోడ్డు మీద నూర్చిన గడ్డి అందులోనే ఇరుక్కుంటాయి. తడి రేగడి దాని చుట్టూ ముద్ద కట్టి చైన్ని ఫ్రేముకి నొక్కేస్తుంది.

పాత క్రాంకుకి రింగులు రివెట్లతో కొట్టేసి ఉంటే రింగు మార్చలేరు, క్రాంకే మార్చాలి. 104 మి.మీ. నాలుగు బోల్టుల క్రాంకు తీసుకుని, మూడింటిలో మధ్య రింగు ఉండే చోట కొత్త నారో-వైడ్ రింగు (ఒక పన్ను సన్నం, ఒక పన్ను వెడల్పుగా ఉండేది) పెట్టాను. చైను ముందు నుంచి వెనక్కి తిన్నగా పోయే లైను అక్కడే సరిగ్గా వస్తుంది. బయటి రింగు లేదు కాబట్టి పొట్టి బోల్టులు కావాలి. పొడుగువి వేస్తే బిగిసినట్టే ఉండి రింగు మాత్రం ఆడుతుంది.

బీబీ దగ్గర రెండు రోజులు పోయాయి. “ఇది మన పానాకి రాదండి బాబూ, ఆయ్” అనేశాడు షాపాయన. క్రాంకు లాగే పుల్లరూ, ఇరవై గాడుల బీబీ సాకెట్టూ తెప్పించుకున్నాను. ముందురోజు రాత్రి తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాను. పొరపాటు జరిగేది తిప్పే దిక్కులో. కుడివైపు కప్పుకి ఎడమచేతి మర. గుర్తుకి: పానా పిడి పైకి ఉంచి, బీబీ కప్పులు రెండు వైపులా సైకిలు ముందు వైపుకి తిప్పితే ఊడతాయి, పెడళ్ళు రెండు వైపులా వెనక వైపుకి తిప్పితే ఊడతాయి. ఉల్టా తిప్పి బలం చేస్తే ఫ్రేములో మర పోతుంది. కొత్తదిగా చదరపు యాక్సిల్ ఉన్న సీల్డ్ కార్ట్రిడ్జ్ బీబీనే వేశాను. బయట బేరింగులుండే రకం తేలికే గానీ, ఏడాదిలో సగం నీళ్ళలో నడిచే సైకిలుకి లోపల దాగిన బేరింగే మేలని నా లెక్క. మరలకి గ్రీజు దండిగా పూయాలి. బీబీ గొట్టం అడుగున నీళ్ళు పోయే చిన్న రంధ్రం ఉంటే బురదతో మూసుకుపోయిందేమో పిన్నుతో పొడిచి చూడాలి.

చైను పొడవు: డీరెయిలర్లోంచి పోనివ్వకుండా ముందు రింగు మీదా వెనక పెద్ద పళ్ళచక్రం మీదా చుట్టి, రెండు కొసలు కలిసే చోట నుంచి ఇంకో రెండు లింకులు కలిపి తెంపాలి. డీరెయిలర్ మీది బి-స్క్రూతో, అందులోని పై జాకీచక్రానికీ (చైను తిరిగే చిన్న చక్రం) పెద్ద పళ్ళచక్రానికీ మధ్య 5-6 మి.మీ. ఖాళీ ఉంచాను. గేర్లు పడకపోతే ఊరికే స్క్రూలు తిప్పేముందు హ్యాంగర్ (ఫ్రేముకి డీరెయిలర్ని వేలాడదీసే ముక్క) చూడండి. కొబ్బరిమట్ట ఒక్కటి చక్రంలో పడితే చాలు, అది వంగుతుంది. ఒక్కో ఫ్రేముకి ఒక్కో ఆకారం కాబట్టి మీ ఫ్రేముది ఒకటి అదనంగా కొని సంచిలో పడేయండి. వందల రూపాయల వస్తువే, దొరికేది మాత్రం వారం తర్వాత.

కేబులు దగ్గర షాపుల్లో తరచూ జరిగే తప్పు ఒకటి ఉంది. గేరుకి బ్రేకు అవుటర్ (తీగ మీది తొడుగు) వేసేస్తారు. బ్రేకుది చుట్టలు చుట్టిన తీగ, లాగినప్పుడు నొక్కుకుపోతుంది. గేరుది పొడవునా నిలువు తీగలు, నొక్కుకోదు. బ్రేకు అవుటర్ వేస్తే ఇవాళ సరిచేసిన గేరు రేపు తప్పుతుంది. గేరు అవుటర్ 4 మి.మీ., లోపలి తీగ 1.2. బ్రేకువి 5, 1.6. హ్యాండిల్ నుంచి వెనక దాకా అవుటర్ తెగకుండా ఒకే ముక్కగా వేయించాను, ఫ్రేము మీద ప్లాస్టిక్ టైలతో కట్టి. చూపుకి అందం తక్కువ, నీళ్ళు మాత్రం లోపలికి పోవు.

బ్రేకులు అసలు మొదట మార్చాల్సినవి. వైరు డిస్క్ బ్రేకులో బురద చేరితే లీవరు బిగుస్తుంది, చక్రం ఆగదు. వాటి బదులు వేసిన షిమానో ఎంటీ200 హైడ్రాలిక్, అంటే నూనె ఒత్తిడితో పట్టే బ్రేకు; జత నూనె నింపే వస్తుంది. కొనేటప్పుడు అడగాల్సింది ముందు బ్రేకు ఏ చేతికి అని. మన దేశంలో మోటారు సైకిలు లాగే కుడిచేతికి ముందు బ్రేకు. కొన్ని బయటి దేశాల కోసం కట్టిన సెట్టయితే ఉల్టా వస్తుంది, అప్పుడు గొట్టాలు విప్పి మార్చి, నూనెలో చేరిన గాలి తీయాలి. గొట్టం కోసి పొట్టి చేస్తే గొట్టం కొసని బిగించే చిన్న ముక్కలు ఆలివ్, ఇన్సర్ట్ రెండూ కొత్తవి వేయాలి. దీనికి మినరల్ ఆయిలే పోయాలి, మోటారు సైకిలు బ్రేకు నూనె పోస్తే సీళ్ళు ఉబ్బి పాడైపోతాయి. కొత్త ప్యాడ్లు మొదట్లో పట్టవు. ఓ మోస్తరు వేగం నుంచి చక్రం లాక్ కాకుండా నెమ్మదిగా ఇరవై ముప్ఫైసార్లు ఆపితే పట్టు వస్తుంది. చక్రం విప్పినప్పుడు లీవరు నొక్కవద్దు. సఖినేటిపల్లి పంటు (ఏరు దాటించే పడవ) మీద సైకిలు పడుకోబెట్టినప్పుడో, కారు డిక్కీలోనో ఎవరో ఒకరు నొక్కుతారు. పిస్టన్లు బయటికొచ్చేసి డిస్కు దూరదు. టైరు లీవరు ప్లాస్టిక్‌ది పెట్టి మెల్లగా వెనక్కి నొక్కాలి. ప్యాడ్ మందం 0.5 మి.మీ.కి వస్తే మార్చేయాలి. వానాకాలం ఇసకబురదలో అది మీరనుకున్నదాని కన్నా చాలా ముందొస్తుంది.

టైర్లు 27.5 x 2.1, దూరంగా గుబ్బలున్నవి. ఇంకా లావువి పడతాయి గానీ ఫ్రేముకీ టైరుకీ మధ్య వేలు దూరే ఖాళీ లేకపోతే రేగడి దిగి చక్రం తిరగడం మానేస్తుంది. పూర్తి మడ్‌గార్డులు కూడా అందుకే పనికిరావు. తారురోడ్డు మీద 38-40 పీఎస్ఐ, గట్టు మీద 25-28 ఉంచుతున్నాను, నా బరువు 75 కిలోలు. ఇక ముళ్ళు. సర్కారు తుమ్మ, ఈతముల్లు, పల్లేరుకాయ. నా రిమ్ము ట్యూబ్‌లెస్ రకం కాదు, బలవంతాన టేపు చుట్టి ట్యూబ్‌లెస్ చేయలేదు. అంచు ఊడితే గాలంతా ఒక్కసారి పోతుంది. మోటారు సైకిలు వాల్వు లాంటి ష్రేడర్ వాల్వు ట్యూబులు కొని, వాల్వు పిన్ను తీసి ఒక్కోదాంట్లో 100 మి.లీ. పైచిలుకు సీలెంట్ (ముల్లు గుచ్చిన కన్నాన్ని లోపల్నుంచి మూసే ద్రవం) పోశాను. పెట్రోలు బంకులో గాలి కొట్టించుకునే సౌకర్యం కూడా ఈ వాల్వుతోనే. కొట్టేవాడికి మాత్రం పీఎస్ఐ చెప్పి, పక్కనే నిలబడాలి.

ఫోర్కు మార్చలేదు. గాలి ఫోర్కుకి పెట్టే డబ్బుతో మిగతావన్నీ అయిపోయాయి. పాత ఫోర్కు కింద రెండు బోల్టులు వదులు చేసి, రబ్బరు సుత్తితో తట్టి, కాళ్ళు జార్చి చూస్తే లోపల తుప్పునీళ్ళు. తుడిచి కొత్త గ్రీజు పెట్టి బిగిస్తే మళ్ళీ కదులుతోంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఒకసారి, తుపాను కాలం అయ్యాక ఒకసారి ఈ పని చేస్తున్నాను.

ఇంటికి రాగానే బకెట్టు నీళ్ళు, మెత్తని బ్రష్షు. బైకులు కడిగే ప్రెషర్ గన్ను హబ్బుల మీదా బీబీ మీదా పెట్టనివ్వవద్దు, సీలు దాటి నీళ్ళు లోపలికి కొడుతుంది. చైనుకి ఇంజనాయిలూ గ్రీజూ రాస్తే దుమ్ముతో కలిసి ఆకురాయిలా పళ్ళు అరగదీస్తుంది. ఒక్కో లింకు కీలు మీద ఒక్క చుక్క లూబు వేసి పైన తుడిచేయాలి, డిస్కు మీద పడకూడదు. స్టీలు స్కేలు పెట్టి చైను కొలవండి. కొత్తది 12 అంగుళాలకి పిన్నుల మీద కచ్చితంగా సరిపోతుంది. అంగుళంలో పదహారో వంతు ఎక్కువొస్తే చైను మార్చే వేళ. ఎనిమిదో వంతు దాకా వదిలేస్తే కేసెట్ కూడా కొనుక్కోవాలి. బీచికి వెళ్ళొచ్చిన రోజు మాత్రం ఎంత పొద్దుపోయినా మంచినీళ్ళతో కడిగే పడుకోవాలి. సీటుపోస్టు నెలకోసారి తీసి గ్రీజు రాయడం కూడా ఆ రోజే పెట్టుకుంటే మరిచిపోరు.