ఇకుతా కూడా వెళ్ళిపోయింది (మార్నింగ్ ముసుమే గురించి కొంచెం పొడుగ్గా)

2025 జూలైలో ఇకుతా ఎరినా, మార్నింగ్ ముసుమే అనే జపాన్ అమ్మాయిల పాటల గ్రూపు నుంచి వెళ్ళిపోయింది. 2011 జనవరిలో పదమూడేళ్ళ పిల్లగా చేరి, చివరికి లీడరయ్యి, పద్నాలుగేళ్ళకి పైగా ఉండి, ఆ గ్రూపు చరిత్రలోనే అందరికంటే ఎక్కువ కాలం ఉన్న మనిషనిపించుకుని మరీ వెళ్ళింది. ఈ వార్తకి శ్రీకాకుళంలో బాధపడింది బహుశా నేనొక్కదాన్నే. విజయనగరంలో ఇంకొకతె ఉంది, మా పిన్ని కూతురు. దానికి ఈ పిచ్చి అంటించింది నేనే కాబట్టి దాన్ని విడిగా లెక్కపెట్టడం న్యాయం కాదేమో.

మా పిన్ని సంగతి వేరు. ఒకసారి వాళ్ళింట్లో టీవీకి ఫోన్ కలిపి 1999 నాటి పాట చూపించాం, తర్వాతెప్పుడో వెళ్ళినప్పుడు ఈ మధ్య కచేరీ ఒకటి పెట్టాం. ఆవిడ చిక్కుడుకాయలు తుంచుకుంటూ కాసేపు చూసి, "ఏటే, పోయినసారి సూపించిన గుంటలు ఒక్కలూ నేరు, మరి పేరు అదేనంతన్నారేటి?" అని అడిగింది. మంచి ప్రశ్న. ఏదో చెప్పబోయాను గానీ అప్పటికే ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది, అందుకే ఇక్కడ రాస్తున్నాను, చెల్లి చదివి వినిపిస్తుందిలే.

అసలీ గ్రూపు మొదలైందే ఓడిపోయినవాళ్ళతో. 1997లో టీవీ టోక్యోలో ఆసాయన్ అనే షో వచ్చేది. అందులో షరాన్ క్యూ అనే బ్యాండ్ వాళ్ళు రాక్ పాడే అమ్మాయి కోసం ఆడిషన్ పెడితే హెయికె మిచియో గెలిచింది. ఆ బ్యాండ్ గాయకుడు త్సున్కు ఓడినవాళ్ళలోంచి అయిదుగురిని పిలిచి, మీకో పాట చేసిస్తాను, అయిదు రోజుల్లో 50,000 సీడీలు మీరే నిలబడి అమ్మండి, అమ్మితే పెద్ద కంపెనీలో డెబ్యూ, లేకపోతే ఎవరింటికి వాళ్ళు అన్నాడు. ఒసాకా, ఫుకుఒకా, సప్పొరో, నగోయా తిరిగి నాలుగో రోజుకే అమ్మేశారు. ఆ అయిదుగురిలో నకజావా యూకోకి 24 ఏళ్ళు, ఒసాకాలో ఆఫీసు ఉద్యోగం చేసుకునేది. ఫుకుదా అసుకాకి 12. మధ్యలో ఇషిగురో అయా. ఇంకో ఇద్దరు, అబే నత్సుమి, ఈదా కఒరి, ఇద్దరూ 1981 ఆగస్టులో హొక్కైదోలోని మురోరన్ ఊళ్ళో రెండు రోజుల తేడాతో పుట్టినవాళ్ళు. సినిమాలో పెడితే మరీ అతిగా ఉందంటాం.

1998 జనవరి 28న డెబ్యూ అయింది. అదే ఏడాది మే నెలకల్లా ఇంకో ముగ్గురిని చేర్చేశారు, యసుదా కెయి, యగుచి మరి, ఇచిఇ సయకా. రోడ్ల మీద నిలబడి సీడీలు అమ్ముకున్నది మేము, మధ్యలో వీళ్ళెవరు అని పాతవాళ్ళకి కడుపుమంట, ఆ మొహాలు మాడ్చుకోవడం అంతా టీవీలో వచ్చింది. 1999 ఏప్రిల్లో ఫుకుదా చదువుకుంటానని వెళ్ళిపోయింది. మొదట వెళ్ళింది అందరిలోకీ చిన్నపిల్ల, అదీ బాగా పాడే పిల్ల. మామూలుగా అయితే గ్రూపు కథ అక్కడే మూతపడాలి.

మూతపడకపోగా అప్పుడే గోతో మకి వచ్చింది. 1999 ఆగస్టు, పదమూడేళ్ళు, జుట్టుకి బంగారు రంగు. ఇద్దర్ని తీసుకుందామనుకుని ఆడిషన్ పెట్టి, ఈమెను చూశాక పక్కన ఇంకెవరూ ఆనరని ఒక్కదాన్నే తీసుకున్నారు. నెల తిరిగేసరికి, సెప్టెంబర్ 9న లవ్ మెషీన్ అనే పాట వచ్చింది. 16 లక్షలకి పైగా అమ్ముడుపోయింది. జపాన్‌లో అప్పుడు ఉద్యోగాలు లేక, కంపెనీలు మునిగి, జనం దిగాలుగా ఉన్న కాలం, అలాంటప్పుడు ఈ పిల్లలు పిచ్చి స్టెప్పులేసుకుంటూ జపాన్ భవిష్యత్తు చూసి ప్రపంచమే కుళ్ళుకుంటుందని పాడారు. పాట మధ్యలో కొత్తపిల్ల, ఏడాదిన్నర నుంచి ఉన్నవాళ్ళు పక్కన. ఎంత కష్టంగా ఉండి ఉంటుందో కానీ పాట మాత్రం ఊపేసింది.

ఇక్కడే త్సున్కుకి మందు దొరికిందని నేననుకుంటాను. కొత్త మొహం వస్తే గ్రూపు బతుకుతుంది. ఇక ఆగలేదు. 2000 ఏప్రిల్లో నలుగురు (ఇషికవా రికా, యోషిజవా హితొమి, పన్నెండేళ్ళ త్సుజి, కాగో), 2001లో నలుగురు, 2003లో ఇంకో నలుగురు. 2003లో కొన్ని నెలలు ఏకంగా పదహారు మంది. మనిషికో లైను పంచినా పాట సరిపోదు. ఆ ఏడాదే గ్రూపుని రెండు జట్లుగా కూడా చేశారు, సకురగుమి, ఒతొమెగుమి అని. చేరేవాళ్ళు చేరుతుంటే వెళ్ళేవాళ్ళు వెళ్ళారు. గోతో 2002లోనే సోలో పాటలకి వెళ్ళిపోయింది, అబే 2004లో, అసలు అయిదుగురిలో ఆఖరిదైన ఈదా 2005 జనవరిలో. అదే జనవరిలో ఏడో తరం (అంటే ఏడో విడత కొత్తవాళ్ళు) ఆడిషన్ ఫలితం చెప్పారు, ఎవ్వరూ పాస్ కాలేదని! మళ్ళీ పెట్టి నీగతా నుంచి కుసుమి కొహరు అనే ఒక్క పిల్లని పట్టుకొచ్చారు, ఆ పిల్లకి మిరకిల్ అని బిరుదు.

ఇంతమంది వచ్చి పోతుంటే పాట, డ్యాన్సు ఎలా నిలబడతాయి? కొత్తగా వచ్చినదానికి ఒక సీనియర్‌ని అప్పగిస్తారు. స్టెప్పుల దగ్గర్నుంచి టీవీ వాళ్ళకి దండం పెట్టడం దాకా ఆమే నేర్పాలి. గోతోకి ఇచిఇ నేర్పింది. ఎనిమిది నెలలు తిరక్కుండా పద్నాలుగేళ్ళ గోతో తన కింద పన్నెండేళ్ళ కాగోకి నేర్పింది. పిన్నీ, ఇది నీకు తెలియనిదేం కాదు. మన దగ్గర తప్పెటగుళ్ళ జట్టు చూడు, రొమ్ముకి తప్పెట కట్టుకుని ఎగిరే కుర్రాళ్ళు ఒకప్పటి వాళ్ళు కారు, ముసలాళ్ళయ్యాక పక్కకి తప్పుకుంటారు, వాళ్ళ కొడుకులో మేనల్లుళ్ళో వస్తారు, అయినా అది ఫలానా ఊరి జట్టే అంటాం కదా. కాకపోతే తప్పెటగుళ్ళవాళ్ళని పెళ్ళి చేసుకున్నావని ఎవరూ జట్టులోంచి పంపించరు.

అవును, ఇది చెప్పకుండా పొగడ్తలే రాస్తే అబద్ధమవుతుంది. ఈదా తర్వాత యగుచి లీడరైంది. ఒక పత్రికలో ఆమె ఎవరితోనో ఉన్న ఫొటో పడబోతోందని 2005 ఏప్రిల్లో హడావుడిగా తప్పుకుంది, వీడ్కోలు కచేరీ కూడా లేదు. 2007 మేలో ఫుజిమొతో మికి లీడరైంది, నెల తిరక్కుండానే అదే రకం ఫొటోలు, అదే కథ. ఇద్దరూ ఇరవై దాటిన ఆడవాళ్ళు. స్నేహితుడు ఉన్నాడన్న పాపానికి ఉద్యోగం పోవడమేంటి? అభిమానుల డబ్బుతో నడిచే వ్యాపారం కాబట్టి అంతే అంటారు కొందరు, నేను కూడా అభిమానినే, నా డబ్బులు అందుకు ఇవ్వలేదు. పన్నెండేళ్ళ పిల్లల్ని తెచ్చి అంత పని చేయించడం కూడా నాకు మింగుడుపడదు. అయినా చూస్తున్నాను కదా, ఏం చేస్తాం.

ఇద్దరు లీడర్లు ఇలా పోయాక, ఇరవై ఏళ్ళ తకహషి అయి నెత్తిన పడింది గ్రూపు. ఇప్పుడు నాకు ఇష్టమైన భాగం. 2007 జూన్ నుంచి 2009 చివరిదాకా తొమ్మిది మంది, ఒక్కరూ చేరలేదు, ఒక్కరూ పోలేదు. తకహషి, నీగకి, కమెయి, మిచిషిగె, తనకా రేనా, కుసుమి, మిత్సుయి, ఇంకా చైనా నుంచి వచ్చిన జున్‌జున్, లిన్‌లిన్. అభిమానులు దీన్ని తర్వాత ప్లాటినం కాలం అన్నారు. తర్వాత అన్నారు, అది గమనించండి. అప్పట్లో టీవీలో వీళ్ళు పెద్దగా కనపడలేదు, సీడీలు లక్షల్లోంచి వేలల్లోకి దిగాయి, జనం ఏకేబీ48 అనే ఇంకో అమ్మాయిల గ్రూపు వైపు వెళ్ళిపోయారు. వీళ్ళేమో ఊరూరా తిరిగి కచేరీలు చేస్తూనే ఉన్నారు. మైకు తీసేసి లిప్ మూవ్‌మెంట్ చేసే బేరం లేదు, రెండు గంటలు ఎగురుతూ పాడతారు, తకహషి గొంతు చివరి పాటకి కూడా చెక్కు చెదరదు. మన ఫోన్లలో ఆ కచేరీలు చూస్తుంటే ఇంత బాగా చేసినప్పుడు హాలు బయట ఎవరికీ తెలియకపోవడమేంటని ఒళ్ళు మండుతుంది. 16 లక్షల సీడీల జట్టు కంటే ఈ తొమ్మిది మందే గొప్ప, ఈ విషయంలో నాతో వాదన పెట్టుకోవద్దు, మా చెల్లి పెట్టుకుని ఓడిపోయింది.

2009 డిసెంబర్లో కుసుమి, 2010 డిసెంబర్లో కమెయి, జున్‌జున్, లిన్‌లిన్ వెళ్ళారు. అయిదుగురు మిగిలారు. మళ్ళీ మొదటి లెక్క.

2011లో జనవరిలో నలుగురు (మన ఇకుతా ఇక్కడే), సెప్టెంబర్లో నలుగురు. ఆ సెప్టెంబర్ 30నే తకహషి సెలవు. 2012 మేలో నీగకి, మిత్సుయి. 2013 మేలో తనకా రేనా. దాంతో పాత జట్టులో మిచిషిగె సయుమి ఒక్కతే ఉండిపోయింది, చుట్టూ అందరూ పిల్లలే, కొందరికి తనకీ పదేళ్ళ తేడా. ఈ సయుమి ఎవరనుకున్నారు? గ్రూపులో పాట రాదని అందరూ నవ్వే మనిషి. ఊబె నుంచి వచ్చింది, ఆడిషన్లోనే శ్రుతి ఎటో వెళ్ళిపోయింది. పాటలో లైన్లు దొరికేవి కాదు. అప్పట్లో కుసుమికి నేర్పే పని ఈమెకే ఇచ్చారు, ఆ పిల్లతో అస్సలు పడలేదు. గ్రూపుని టీవీలో ఎవరూ పిలవని రోజుల్లో ఈమె ఒక్కతే కామెడీ షోలకి వెళ్ళి, "నేనెంత అందంగా ఉన్నానో" అని అద్దంలో చూసుకుంటూ, పక్కవాళ్ళని పుల్లవిరుపు మాటలని, జనంతో తిట్లు తిని, పనిలో పనిగా గ్రూపు పేరు అక్కడ చెప్పి వచ్చేది.

అలాంటామె లీడరయ్యాక గ్రూపు లేచింది. త్సున్కు బాణీలు మార్చి ఎలక్ట్రానిక్ డ్యాన్స్ వైపు వెళ్ళాడు, స్టేజీ మీద అమ్మాయిలు క్షణానికో వరస మారే డ్యాన్సులు పెట్టారు, హిరోషిమా నుంచి వచ్చిన సయషి రిహొ అని డ్యాన్సులో నిప్పులాంటి పిల్ల ముందు నిలబడింది. 2013 జనవరిలో వచ్చిన సింగిల్ మూడున్నరేళ్ళకి పైగా గ్యాప్ తర్వాత మళ్ళీ అమ్మకాల్లో ఒకటో స్థానానికి వెళ్ళింది. సయుమి మాత్రం పక్కకి నిలబడే ఉండేది, పిల్లల్ని ముందుకి తోస్తూ. 2014 నవంబర్ 26న యోకొహమా అరీనాలో ఆమె సెలవు తీసుకుంది. ఆ వీడియో నేను ఎప్పుడు పెట్టినా చెల్లి లేచి వెళ్ళిపోతుంది, ఏడుపొస్తుందట.

ఆ ఏడాదే పేరు వెనక సంవత్సరం తగిలించడం మొదలెట్టారు, మార్నింగ్ ముసుమే '14, '15 అలా. అదే ఏడాది త్సున్కుకి గొంతు క్యాన్సర్ అని తెలిసింది. 2015 ఏప్రిల్లో, తను చదివిన కింకి విశ్వవిద్యాలయంలో కొత్త విద్యార్థుల సభలో, స్వరపేటిక తీసేశారన్న సంగతి చెప్పాడు. చెప్పాడంటే మాట్లాడి కాదు, తెర మీద అక్షరాలు చూపించి. గ్రూపు మొత్తాన్ని నడిపే పని వదిలేశాడు గానీ పాటలు మాత్రం ఇప్పటికీ రాస్తున్నాడు.

తర్వాతి తరాల గురించి గబగబా చెప్పేస్తాను, లేకపోతే తెల్లారుతుంది. 2014లో నలుగురు, 2016లో ఇద్దరు, 2017లో పక్క గ్రూపు నుంచి మొరితో చిసకి, 2019లో ముగ్గురు, 2022లో సకురాయి రియొ, 2023లో ఇద్దరు. సయషి పదిహేడేళ్ళకే 2015 ఆఖరి రోజున వెళ్ళిపోయింది. అప్పుడు చాలామంది తిట్టుకున్నారు, నేను కూడా. 2019లో చూస్తే బేబీమెటల్ అనే జపాన్ మెటల్ బ్యాండ్ వెనక డ్యాన్స్ చేస్తూ ఇంగ్లండ్‌లో గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవం స్టేజీ మీద ఉంది. ఫుకుమురా మిజుకి 2023 నవంబర్ దాకా ఉండి లీడర్‌గా గ్రూపుని మోసింది, ఆమె దగ్గర్నుంచే ఇకుతా పగ్గాలు తీసుకుంది.

వెళ్ళిపోయినవాళ్ళు ఏమవుతారు అని కూడా అడిగింది పిన్ని. ఒక్కొక్కరిది ఒక్కో దారి. సుజుకి కనొన్ వృద్ధుల సేవకి సంబంధించిన చదువు చదువుకుంటానని 2016లో మానేసింది. కొన్నొ అసమి 2006లో మానేసి, కెయియొ విశ్వవిద్యాలయంలో చదివి, 2011లో టీవీ టోక్యోలోనే అనౌన్సర్‌గా చేరింది, ఆసాయన్ వచ్చిన ఛానెలే. మా ఇంట్లో ఈ గ్రూపు గురించి మంచిగా మాట్లాడించిన ఒకే ఒక్క మనిషి ఈ కొన్నొ. "సదువుకుందా? అయితే మంచి పిల్లే" అంది పిన్ని.

చూడాలనుకునేవాళ్ళకి ఒక మాట. అక్కడ సాయంత్రం ఆరంటే మనకి మధ్యాహ్నం రెండున్నర, అంటే ఆఫీసులో ఫైళ్ళ ముందు కూర్చునే టైమ్, లైవ్ మీద ఆశ పెట్టుకోకండి. సీడీ తెప్పించుకుందామంటే పోస్టేజీ చూస్తే టెన్షన్ వస్తుంది. వాళ్ళ యూట్యూబ్ ఛానెల్ చాలు. ముందు లవ్ మెషీన్ చూసి, వెంటనే 2008 నాటి కచేరీ ఏదైనా చూసి, ఆ తర్వాత 2012కి రండి. వరస తప్పి చూస్తే మొహాలు కలిసిపోయి నా బుర్రే తిరిగింది మొదట్లో. 2023లో చేరిన ఇద్దరూ లవ్ మెషీన్ వచ్చేనాటికి పుట్టనేలేదు, ఆ స్టెప్పులు మాత్రం వేలు తేడా రాకుండా వేస్తారు. అందులో నాకెవరు నచ్చారో ఇంకా తేల్చుకోలేదు. నచ్చగానే వెళ్ళిపోతారని భయం కాబట్టి ఈసారి కొంచెం ఆలస్యం చేస్తున్నాను.