చంద్రుడు అడిగి చూసిన పెళ్ళి

శ్రీరామనవమి అనగానే మనకు గుర్తొచ్చేది మిట్టమధ్యాహ్నం, చలువ పందిరి, పానకం, వడపప్పు. దాదాపు అన్ని ఊళ్ళలో రాముడి పెళ్ళి పగలే చేస్తారు. మా కడప నుంచి రాజంపేట పోయే దారిలో, ఓ పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒంటిమిట్టలో మాత్రం నవమికి ఉత్సవాలు మొదలవుతాయి గానీ పెళ్ళి జరగదు. చైత్ర పున్నమి దగ్గరపడే దాకా ఆగి, రాత్రిపూట, ఆరుబయట వెన్నెల్లో చేస్తారు.

రాత్రి ఎందుకని కొత్తగా వచ్చినవాళ్ళు తప్పకుండా అడుగుతారు. ఎండకు తట్టుకోలేకే అని ఎవరైనా జోక్ వేస్తే, చైత్రమాసంలో మా కడప ఎండ ఎరిగినవాళ్ళు నవ్వరు, నిజమేనేమో అనుకుంటారు. పెద్దవాళ్ళు చెప్పే కథ వేరే ఉంది. పాలకడలిలో లక్ష్మీదేవితో పాటు పుట్టినవాడు చంద్రుడు. తోబుట్టువు పెళ్ళి పగలు జరిగింది కాబట్టి తను చూడలేకపోయానని స్వామి దగ్గర వాపోయాడట. రామావతారంలో నీ ఎదుటే చేసుకుంటానులే అని స్వామి మాటిచ్చాడట. చంద్రవంశం వాళ్ళమని చెప్పుకున్న విజయనగర రాజుల హయాంలో ఈ ఆచారం వచ్చిందని ఇంకొందరంటారు. చరిత్రకు రెండోది దగ్గరగా ఉండొచ్చు, నా మనసు మాత్రం మొదటిదాన్నే పట్టుకుంటుంది. ఎందుకంటే ఈ గుడి గురించి వినే కథలన్నిట్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు.

గుడి పుట్టుక కథే చూడండి. ఉదయగిరిని ఏలిన కంపరాయలు ఈ అడవి దారిన పోతూ దాహంతో అల్లాడుతుంటే ఒంటడు, మిట్టడు అనే బోయ అన్నదమ్ములు నీళ్ళు చూపించారట. ఏం కావాలో కోరుకోండి అన్నాడు రాజు. ఆ కరువు నేలలో ఇద్దరు బోయవాళ్ళు భూమి అడగొచ్చు, గొడ్లు అడగొచ్చు, కనీసం ఓ ఊరికి కావలి పని అడగొచ్చు. వాళ్ళు రాముడికి గుడి కట్టించమన్నారు. ఊరికి వాళ్ళ పేరే నిలిచిందని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. సీతమ్మకు దాహమైతే రాముడు బాణం వేసి నీళ్ళు తెప్పించాడని చెప్పే రామతీర్థం కూడా ఇక్కడే ఉంది. మా సీమలో దేవుడి కథైనా రాజు కథైనా నీళ్ళ దగ్గరికి రాకుండా పోదు!

గర్భగుడిలో సీతారామలక్ష్మణులు ముగ్గురినీ ఒకే రాతిలో మలిచారు, అందుకే దీన్ని ఏకశిలానగరం అంటారు. హనుమంతుడు మాత్రం ఆ రాతిలో లేడు. రాముడు ఇటు వచ్చేనాటికి ఆయన ఇంకా కలవలేదని సమాధానం చెబుతారు. బయటి మండపాల్లో రామాయణం, భాగవతం ఘట్టాలు చెక్కిన స్తంభాల దగ్గర కాసేపు ఆగాలి, జనం ఎందుకో దర్శనం అవగానే చెప్పుల స్టాండ్ వైపు పరుగెడతారు. ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ 1652లో ఈ దారిన పోతూ ఈ గోపురాన్ని చూసి మెచ్చుకున్నాడు.

నవాబుల కాలంలో ఇమాంబేగ్ అనే అధికారి ఇక్కడికొచ్చి, మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా అని అడిగాడట. మనసారా పిలిస్తే పలుకుతాడన్నారు భక్తులు. ఆయన మూడుసార్లు పిలిచాడు, లోపలి నుంచి ‘ఓ’ అని మూడుసార్లు వినిపించింది. స్వామి అవసరాలకు ఆయన తవ్వించిన బావిని ఈనాటికీ ఇమాంబేగ్ బావి అనే పిలుస్తారు. ఆ ప్రశ్న ఆయన వెటకారంగానే అడిగి ఉండొచ్చు. రాముడు అదేం పట్టించుకోలేదు.

అందరికంటే ఎక్కువ అడిగింది వావిలికొలను సుబ్బారావుగారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడిగా చేసి, వాల్మీకి రామాయణాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చి ఆంధ్ర వాల్మీకి అనిపించుకున్న మనిషి. అంత పేరున్న పండితుడు, పాడుబడుతున్న గుడి కోసం చేతిలో టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా బిచ్చమెత్తాడు. పదిమందిలో చందా పుస్తకం పట్టుకుని నిలబడడానికే మనకు టెన్షన్, మొహమాటం. ఆయన ఆ చిప్ప మీద శతకమే రాశాడు. వచ్చిన ప్రతి పైసా స్వామికే. తనకోసం అడగడం వేరు, ఇలా అడగడం వేరు అని ఈయన్ను తలచుకున్నప్పుడల్లా అనిపిస్తుంది. తనకు కాదన్న ధైర్యం ఉంటే చెయ్యి చాచడానికి సిగ్గుండదు కాబోలు.

పోతన మావాడంటే మావాడని కడప, ఓరుగల్లు పోట్లాడుకుంటుంటాయి, ఆ గొడవలోకి నేను పోను. కానీ భాగవతం మొదట్లో ఆయన చెప్పుకున్న మాట ఒకటుంది: పున్నమి రాత్రి, చంద్రగ్రహణం వేళ, ఏటి ఒడ్డున ధ్యానంలో ఉండగా రామభద్రుడు కనిపించి భాగవతాన్ని తెలుగు చేయమన్నాడని. అక్కడా చంద్రుడున్నాడు, అయితే ఈసారి అడిగింది రాముడే.

రాష్ట్రం విడిపోయి భద్రాచలం తెలంగాణలో ఉండిపోయాక, 2015 నుంచి ప్రభుత్వ లాంఛనాలతో కల్యాణం ఇక్కడ చేస్తున్నారు, గుడి కూడా టీటీడీ చేతికి వచ్చింది. పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు, పెద్ద కల్యాణ వేదిక, అంతా బాగుంది. కొందరు దీన్ని ఆంధ్రా భద్రాద్రి అంటుంటే నాకు నచ్చదు, ఒంటిమిట్టకు ఇంకో ఊరి పేరు అరువు తెచ్చుకోవాల్సిన ఖర్మ ఏముంది? పాసుల కోసం తిప్పలు పడేవాళ్ళకు ఒకటే చెబుతాను. వేదికకు దగ్గరగా కూర్చోకపోయినా ఏమీ పోదు. ఆరుబయట పెళ్ళి, ఎక్కడో వెనక చాప పరుచుకుని పిల్లలతో కూర్చున్నవాళ్ళకూ మంత్రాలు మైకులో వినిపిస్తాయి. అసలు ఈ పెళ్ళిని ముందుగా అడిగినవాడే చాలా దూరం నుంచి చూస్తున్నాడు కదా!